ఈసారి మా వడపోత కిట్‌లో తయారీ కాగితం ఉండదు

మా కిట్లు తీసుకునే సార్లకు, మేడమ్‌లకు, హెడ్మాస్టర్లకు నమస్కారం.

నీటి వడపోత కిట్ ఆర్డర్లు రెండు నెలలుగా ఆపేశాం. స్టాక్ లేక కాదు. దాన్ని అలాగే అమ్మడానికి నాకు మనసొప్పలేదు.

జనవరిలో మిర్యాలగూడ దగ్గర ఒక బడికి వెళ్లాను. ఎనిమిదో తరగతి, ఎనిమిది జట్లు. కాగితంలో బొమ్మ చూసుకుంటూ కింద దూది, దానిమీద బొగ్గు, ఆపైన ఇసుక, అన్నిటికన్నా పైన గులకరాళ్లు వేశారు. ఇరవై నిమిషాల్లో ఎనిమిదీ అచ్చు ఒకేలా తయారయ్యాయి. "బొగ్గు అక్కడే ఎందుకు పెట్టినవ్ బిడ్డా?" అని ఒక పాపను అడిగితే, "కాగితంల అట్లనే ఉంది సార్" అంది. ఆ కాగితం రాసింది నేనే. ఐదేళ్లుగా పిల్లలు ఆలోచించాల్సిన చోట నేనే ఆలోచించి పెట్టి, దాన్ని సైన్సు కిట్ అని అమ్మాను.

ఫిబ్రవరిలో అదే తరగతికి కాగితం లేకుండా వెళ్లాం. లీటరు చెరువు నీళ్లు, కోసిన సీసా, సామాను ఇచ్చి మూడే షరతులు పెట్టాం. పది నిమిషాల్లో అర లీటరు దిగాలి. గ్లాసు కింద పెట్టిన అచ్చు అక్షరం పైనుంచి చదవగలగాలి. ఖర్చు 30 రూపాయలు దాటొద్దు.

మొదటి రోజు దాదాపు అందరికీ నల్లనీళ్లే వచ్చాయి. బొగ్గు కడగాలని ఎవరికీ తట్టలేదు. ఒక జట్టు సన్న ఇసుక గట్టిగా కూరితే నీళ్లు చుక్కచుక్కగా కూడా దిగలేదు. ఇంకో జట్టు ఇసుక, గుడ్డ రెండూ ఒకేసారి మార్చింది. నీళ్లు తేటపడ్డాయి గానీ దేనివల్లో తేలలేదు. ఎవరూ చెప్పకుండానే వాళ్లు మళ్లీ విప్పి, ఒక్క గుడ్డే మార్చి చూశారు. మర్నాడు ఒకబ్బాయి రైస్ మిల్లు నుంచి కాలిన ఊక సంచిలో తెచ్చాడు. అది మా కిట్‌లో ఎన్నడూ లేని సామాను.

అవసరం, హద్దులు, చేసి చూడటం, కొలవడం, మార్చడం. ఇంజనీర్లు పనిచేసే తీరు ఇదే. అమెరికాలో 2013లో వచ్చిన సైన్సు ప్రమాణాలు దీన్ని పాఠంలోనే భాగం చేశాయి. మన దగ్గర కేంద్ర ప్రభుత్వ పథకం కింద, పిల్లలు సొంతంగా చేసి చూసే అటల్ టింకరింగ్ ల్యాబ్ వచ్చిన బడికి 20 లక్షల వరకు గ్రాంటు ఉంటుంది. నా దగ్గర కొనేవి ఎక్కువగా ఆ ల్యాబ్ లేని బళ్లు. సీసా, ఇసుకతోనూ ఈ పని జరుగుతుందని కళ్లారా చూశాను.

ఒక పాప, "ఫ్లోరైడ్ పోతదా సార్?" అని అడిగింది. నల్లగొండ జిల్లా పిల్లకు అది ఇంట్లో ప్రశ్న. పోదు. ఇసుక, బొగ్గు ఫ్లోరైడ్‌ను తీయలేవు. దానికి పటిక, సున్నంతో చేసే నల్లగొండ పద్ధతిని నీరి అనే జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ రూపొందించిందని చెప్పాను. ఈ నీళ్లు తాగడానికి కాదని ఇకనుంచి పెట్టె మీదే పెద్దక్షరాల్లో అచ్చు వేస్తున్నాం. ఇన్నాళ్లూ వేయకపోవడం మా తప్పు.

ఇక లెక్కలు. సామాను రెండింతలు పెట్టాలి కాబట్టి ధర 480 నుంచి 640 అయింది. పని ఒక పీరియడ్‌లో తెమలదు, మూడు పడతాయి. సిలబస్ ఒత్తిడి నాకు తెలుసు. అందుకే ఎఫ్ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) ప్రాజెక్టు మార్కులకు దీన్నే వాడుకునేలా టీచర్ పుస్తకం రాశాం. తేట నీళ్లకు కాదు, ఏం మార్చారో ఎందుకు మార్చారో రాసిన నోట్‌బుక్‌కు మార్కులేయండి. ఆగస్టులోపు 60 కిట్లే ఇవ్వగలం. పోయినేడు కొన్నవాళ్లకు కొత్త షరతుల కార్డు, టీచర్ పుస్తకం ఉచితంగా పంపుతాం. పాత కాగితం తీసేయండి.

ఒక్క మనవి. బొగ్గు కడగాలని పిల్లలకు ముందే చెప్పకండి. మొదటి గ్లాసు నల్లగానే రానివ్వండి.