యాద్గిరీ, ఆ నల్ల కవర్ ముందుగాల పీకెయ్యి

అరే యాద్గిరీ,

జవాబు లేటయింది, తిట్టుకోకు. ఇంట్ల అందరు మంచిగున్నరు, నాట్లు అయిపోయినయి, అమ్మ నిన్ను అడిగింది. గంతే. నీ కొత్త కారు ఫోటో చూసినకాడికెల్లి మనసు ఊకుంటలేదు. గా నంబర్ ప్లేటు మీద నల్ల అక్రిలిక్ కవర్ ఏందిరా? "కెమెరాకు దొరకదు" అన్నడా షాపాయన?

ఇను. రాత్రిపూట నంబర్ చదివే కెమెరాలు చాలామటుకు ఇన్‌ఫ్రారెడ్ లైటు కొడ్తయి, ఎక్కువగ 850 నానోమీటర్లది. ప్లేటు మీది రిఫ్లెక్టివ్ షీటు ఆ వెలుగును వచ్చిన దిక్కుకే తిప్పి పంపుతది. అందుకే ఫోటోల బండంత చీకటి, ప్లేటు తెల్లగ, అక్షరాలు నల్లగ పడ్తయి. గిప్పుడు అసలు ముచ్చట: రంగేసి నల్లగ చేసిన ప్లాస్టిక్‌లు చానా వాటిల నుంచి ఇన్‌ఫ్రారెడ్ సాఫీగ పోతది. అంటే కెమెరాకు నీ నంబర్ కనవడ్తది, చౌరస్తాల నిలబడ్డ కానిస్టేబుల్‌కు కనవడది. ఇగ ఆయన ఎవల్ని ఆపుతడో నువ్వే చెప్పు. కావాలని నంబర్ దాస్తే హైదరాబాద్ల చీటింగ్ కేసులు గూడ పెట్టిన్రు.

అద్దం లెక్క తెల్లది ఏస్కుంటా, మెరుపుకు కెమెరా చదవదు అంటవు, తెలుసు నాకు. దానితోని గూడ ఫాయిదా లేదు. కెమెరా పైన కడ్డీ మీదికెల్లి ఏటవాలుగ చూస్తది, కవర్ మీది మెరుపు వేరే దిక్కు పోతది. ఎప్పుడన్న పొద్దటి ఎండకు ఒక ఫ్రేమ్ ఖరాబైనా, బండి దాటేలోపు ఇంకా కొన్ని ఫ్రేములు తీసే ఉంటది. స్పీడ్ కొలిచే రాడార్‌కు అసలు ప్లేటుతోనే పనిలేదు, బండి ఒళ్ళు చాలు. పంతంగి, కొర్లపహాడ్ టోల్ల కాడ అద్దం మీది ఫాస్టాగ్ ఎట్లాగూ చెప్పేస్తది.

వెలుగు కవర్‌ల నుంచి పోవాలె, మళ్ళ రావాలె. కవర్ 70 శాతం వెలుగును పోనిస్తే తిరిగొచ్చేది 49 శాతమే. వెనుకొచ్చే లారీ డ్రైవర్‌కు గూడ ప్లేటు సగమే మెరుస్తది, గది యాక్సిడెంట్ సంగతి. ఇంగ వానకాలం కవర్ లోపల నీళ్ళు చేరతయి, దుమ్ము అంటుకుంటది, స్క్రూలు తుప్పువట్టి గోధుమ రంగు చారలు దిగుతయి, ఎండకు అక్రిలిక్ పసుపువడ్తది. అప్పుడు నంబర్ చదివే మెషీన్ తప్పు చదువుతది. TG 05 తర్వాతి సిరీస్‌ల I, O వాడరు గనక అవి 1, 0 లెక్క కనవడే గొడవ లేదు గని, 3ను 8 అనుడు, 1ని 7 అనుడు మామూలే. చలానా ఇంకోని మీదికి పోతది. నీకొస్తే ఈ-చలానా సైట్ల ఫోటో తెరిచి, కారు మోడల్, రంగు నీదేనా చూడు. కాకుంటే ఆ ఫోటో, ఆర్‌సీ పెట్టి కంప్లెయింట్ ఇయ్యి. ఉట్టిగ కట్టకు.

కవర్ తీసేటప్పుడు జర పైలం. 2019 ఏప్రిల్ 1 నుంచి వచ్చే కొత్త బండ్లకు హై సెక్యూరిటీ ప్లేటే ఉంటది. ప్లేటును పట్టుకున్న స్నాప్ లాక్ రివెట్ (ఒక్కసారి బిగిస్తే మళ్ళ వాడరానిది) ఉన్నదా చూడు. కొందరు షాపోళ్ళు ప్లేటు చుట్టు ఫ్రేమ్ పెట్టెటందుకు గా రివెట్‌నే డ్రిల్ చేసి స్క్రూ కొడ్తరు. అట్లైతే స్క్రూతోని నడిపియ్యకు, డీలర్ కాడికి పోయి కొత్తది పెట్టించు. ఎడమ దిక్కు పైన అశోక చక్రం హోలోగ్రామ్, 20 మిల్లీమీటర్ల చదరం. దాని కింద నీలం రంగుల ఐఎన్‌డీ (IND) అక్షరాలు. ఇంకా కింద లేజర్‌తో చెక్కిన నంబర్. మూడూ కనవడాలె. ఉత్త అంచు ఫ్రేమ్ గూడ ఇవి కప్పొద్దు. సబ్బు నీళ్ళు, మెత్త బట్ట చాలు. థిన్నర్, పెట్రోల్ ముట్టియ్యకు, షీటు పాడైతది.

వెనుక ప్లేటు బల్బు సంగతి గూడ రాద్దామనుకున్న, అది పోతే... ఆగు, గ్యాస్ బండి వచ్చింది, సిలిండర్ తీస్కోవాలె. ఫోన్ చేస్త.

నీ,
రాములు