బైకు ఆగడానికి ఎంత దూరం కావాలి?

సంపాదకులకు,

బైకు ప్రమాదం వార్తల్లో ‘అతివేగమే కారణం’ అని ఒక్క ముక్క రాసి వదిలేస్తుంటారు. ఆ వేగంలో బండి ఆగడానికి ఎంత దూరం పడుతుందో కూడా రాయండి. గంటకు 60 కిలోమీటర్లంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. ఆపద కంటపడి చెయ్యి బ్రేకు మీద పడేసరికి సెకనున్నర పట్టిందనుకుంటే, అప్పటికే 25 మీటర్లు దాటిపోతాం. పొడి రోడ్డు మీద బాగా బ్రేకు వేసినా మరో 20 మీటర్లు. అదే 80 వేగంలో మొత్తం 70 మీటర్ల దాకా కావాలి. తడి రోడ్డయితే ఇంకా ఎక్కువ.

ముందు బ్రేకు వేస్తే పల్టీ కొడతామన్న భయంతో చాలామంది వెనక బ్రేకే తొక్కుతారు. ఈ భయమే ప్రాణం మీదికి తెస్తోంది. బ్రేకు పడగానే బరువు ముందుకు వస్తుంది. వెనక చక్రం తేలికై జారుతుంది. బండిని ఆపే బలంలో ఎక్కువ పాలు ముందు చక్రానిదే. కాకపోతే లివర్‌ను ఒక్కసారిగా లాగకూడదు. మొదట మెల్లగా పట్టి, ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కులు (స్ప్రింగు గొట్టాలు) కిందికి దిగాక గట్టిగా పిండాలి. ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) లేని బండికి ముందు చక్రం బిగుసుకుపోతే వెంటనే వదిలి మళ్లీ పట్టాలి. ఖాళీ స్థలంలో, హెల్మెట్ పెట్టుకుని, 30 వేగంతో మొదలుపెట్టి సాధన చేస్తే చెయ్యి అలవాటు పడుతుంది.

మలుపులో భయపడితే చూపు గుంత మీదే నిలిచిపోతుంది, బండీ అటే పోతుంది. మలుపుకు ముందే వేగం తగ్గించి, మోచేతులు వదులుగా ఉంచి, బయటపడే దారి వైపు చూడాలి.

బండి నేర్పే ప్రతిచోటా అత్యవసర బ్రేకు సాధనను తప్పనిసరి చేయాలి.

— ఒక పాఠకుడు