స్టెప్నీ ఎక్కడ కట్టాలో దించేవాణ్ని అడగండి

సంపాదకులకు నమస్కారం.

లారీ చాసిస్ (అడుగు చట్రం) మీద గది కట్టుకుని కొండదారులూ ఇసుక దారులూ తిరిగేవాళ్ల గురించి మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం ఇష్టంగా చదివాను. నాకూ అలాంటి బండే ఉంది. పడక, పొయ్యి, నీళ్ల ట్యాంకు, సోలార్ పలకలు, అన్నిటి గురించీ వివరంగా రాశారు. స్టెప్నీ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ‘వెనక గోడకు తగిలిస్తే అందంగా ఉంటుంది, ఇద్దరు కలిసి సులువుగా దించుకోవచ్చు’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. 26 ఏళ్లు లారీ నడిపినవాణ్ని. ఆ ‘సులువుగా’ దగ్గర ఆగిపోయాను.

నా బండి టైరు సైజు 395/85 ఆర్ 20. నిలబెడితే 118 సెంటీమీటర్లు, దాదాపు నా ఛాతీ దాకా వస్తుంది. రిమ్ముతో కలిపి తూకం వేయిస్తే 160 కిలోలు తూగింది. కారు స్టెప్నీలా డిక్కీలోంచి లాగి దొర్లించుకునే సరుకు కాదిది. దొర్లేటప్పుడు పక్కకు వాలిందంటే పట్టుకోబోకూడదు, తప్పుకోవాలి.

మొదట నేనూ వెనకే కట్టించాను. బాడీ కట్టిన షెడ్డు పేరు ఎందుకులెండి, తప్పులో సగం నాది కూడా. స్టెప్నీని మోసే ఇనప క్యారియర్ పైభాగాన్ని గదికీ, కిందిభాగాన్ని చాసిస్‌కీ కలిపి బిగించేశారు. గట్టిగా ఉందని మురిసిపోయాను. గతుకుల్లో ఒక చక్రం పైకీ ఇంకోటి కిందికీ పోయినప్పుడు లారీ చాసిస్ మెలి తిరుగుతుంది. గది మెలి తిరగకూడదనే కదా దాన్ని స్ప్రింగుల మీద విడిగా కూర్చోబెట్టేది! విడిగా కదలాల్సిన రెండిటినీ ఇనుముతో కట్టేస్తే ఏదో ఒకటి తెగాలి. మూడో రోజుకల్లా వెల్డింగ్ చీలింది. దిగి చూసేసరికి చక్రం ఒక పక్కకు జారి వేలాడుతోంది. మిగతా దారంతా తాళ్లతో కట్టి, అద్దంలో చూసుకుంటూ టెన్షన్‌తో నడిపాను.

అంతకుముందే ఇంకో సంగతి గమనించాను గానీ కారణం తట్టలేదు. రాళ్ల ఎక్కుడులో స్టీరింగ్ తేలిపోయినట్టుంది. తిప్పితే ముందు చక్రాలు తిరుగుతున్నాయి, బండి మాత్రం నేరుగా పోతోంది. ఇంటికి వచ్చాక కాగితం మీద లెక్క వేశాను. నా బండి వీల్ బేస్, అంటే ముందు వెనక యాక్సిళ్ల (ఇరుసుల) మధ్య దూరం, 4 మీటర్లు. స్టెప్నీ వేలాడేది వెనక యాక్సిల్‌కు ఇంకా 2.5 మీటర్లు అవతల. 160ని 2.5తో గుణించి 4తో భాగిస్తే 100. అంటే ముందు యాక్సిల్ మీద 100 కిలోలు తగ్గిపోతుంది. ఆ 100 కూడా కలుపుకుని వెనక యాక్సిల్ మీద 260 కిలోలు పడుతుంది. క్యారియర్ ఇనుము బరువు వేరే. పిల్లల తూగుడుబల్ల లెక్కే ఇది, ఇంజినీరింగ్ చదవక్కర్లేదు. రెండు స్టెప్నీలు పక్కపక్కన వేలాడదీసిన బండ్లను చూస్తే ఇప్పుడు నాకు ముందు చక్రాల మీద జాలి కలుగుతుంది.

కొందరు పైకప్పు మీద పెడతారు. మూడు మీటర్ల పైన అంత బరువు ఉంటే, పక్కవాటు దారిలో బండి ఎటు ఒరగాలని చూస్తుందో చెప్పక్కర్లేదు. గాలివానలో దాన్ని దించాల్సివస్తే ఆ దేవుడే దిక్కు. చిన్న బండ్లకు చాసిస్ కింద కట్టడం మామూలే. ఈ సైజు చక్రానికి అదీ నప్పదు. నలభై సెంటీమీటర్ల మందం కిందికి వేలాడితే వాగు గట్టు ఎక్కేటప్పుడు ముందు తగిలేది అదే. పైగా బండి ఇసుకలో కూరుకుపోయిన రోజే పంక్చరైతే, స్టెప్నీ బండి కిందే ఉంటుంది, మనకు మాత్రం అందదు. ముందు బంపర్ మీదైతే రేడియేటర్‌కు గాలి అడ్డం, డ్రైవర్‌కు చూపు అడ్డం.

అన్నట్టు, స్టెప్నీ అనే మాట వేల్స్‌లోని లానెల్లి పట్టణంలో ఉన్న స్టెప్నీ వీధి నుంచి వచ్చింది. 1904లో అక్కడ డేవిస్ సోదరులు తయారుచేసిన అదనపు చక్రానికి చువ్వలే లేవు, రిమ్మూ టైరూ అంతే. పంక్చరైన చక్రాన్ని విప్పకుండా దాని పక్కనే బిగించుకుని పోయేవాళ్లు. వాళ్ల పని హాయి.

చివరికి నేను డ్రైవర్ క్యాబిన్‌కూ వెనక గదికీ మధ్య చోటు చేయించాను. ముందు యాక్సిల్ నుంచి మీటరు వెనక్కి ఉంటుంది. అదే తూగుడుబల్ల లెక్కలో ముందుకు 120 కిలోలు, వెనక్కి 40 పడుతుంది. క్యారియర్‌ను చాసిస్‌కే బిగించాం, గదిని తాకదు. దాని నెత్తిన పక్కకు తిరిగే చెయ్యి, ఆ చేతికి చైన్ పుల్లీ. గొలుసు వదిలేసినా బరువు ఉన్నచోటే ఆగుతుంది, అదే ముఖ్యం. చక్రం బండ్లు పోయే వైపు కాకుండా గట్టు వైపు దిగుతుంది. దీనికి అరమీటరు గది పోయింది. క్యాబిన్‌లోంచి గదిలోకి దూరే కిటికీ పోయింది. గాలి ఫిల్టర్ గొట్టం జరపాల్సి వచ్చింది. బట్టల అర పోతుందని నేనే గునిశాను. “రాత్రిపూట బురదలో దించేది మీరా, బట్టల అరా?” అంది మా ఆవిడ. ఆ తర్వాత రెండుసార్లు దించాం, ఇద్దరమే. మొదటిసారి గంటన్నర పట్టింది, రెండోసారి నలభై నిమిషాలు.

ఇప్పటికే గది కట్టేసుకుని మధ్యలో చోటు లేనివాళ్లు వెనకే కట్టుకోక తప్పదు. అలాంటప్పుడు ఒక్కటే స్టెప్నీ పెట్టుకుని, నీళ్లూ డీజిలూ బ్యాటరీలూ రెండు యాక్సిళ్ల మధ్యకు తెచ్చుకోవాలి. సామానంతా నింపాక వేబ్రిడ్జి మీద ఏ యాక్సిల్‌కు ఆ యాక్సిల్ తూకం వేయించాలి. వెనక లైట్లూ నంబర్ ప్లేటూ కనపడేలా చూసుకోవాలి. గాలి నింపే వాల్వు చేతికందే వైపు ఉండాలి. నాది మొదట్లో గోడ వైపు తిరిగి ఉండేది. అవసరపడిన రోజు చూస్తే స్టెప్నీలో సగం గాలే ఉంది.

దించాక కూడా చక్రాన్ని చేతులతో ఎత్తి బోల్టులకు ఎక్కించకండి. కొత్త చక్రం దూరేంత వరకే జాకీ ఎత్తి, టైరు కింద గునపం పెట్టి కాలితో నొక్కితే ఆ కాస్త ఎత్తుకూ తనే లేస్తుంది.

మీ వ్యాసం చదివి బండి కట్టించుకునేవాళ్లు ఉంటారు. అందుకని ‘ఇద్దరు కలిసి సులువుగా’ అన్న ఆ ఒక్క వాక్యానికి సవరణ వేయండి. చక్రం బరువెంతో కూడా పక్కన అచ్చువేస్తే మేలు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లారీ డ్రైవర్