ప్రధాన సంఖ్య ప్రోగ్రాంకు 7, 10 ఇచ్చి చూస్తే చాలదు

సంపాదకులకు నమస్కారం.

ఇచ్చిన సంఖ్య ప్రధాన సంఖ్యా కాదా అని తేల్చే ప్రోగ్రాం డిగ్రీ, ఇంజినీరింగ్ మొదటి ఏడాది ల్యాబుల్లో మామూలే. 7 ఇస్తే ‘ప్రధానం’, 10 ఇస్తే ‘కాదు’ అని తెరమీద వస్తే చాలు, రికార్డు మీద సంతకం పడుతుంది. ఆ రెండిటికీ తప్పుడు ప్రోగ్రాం కూడా సరైన జవాబే చెప్పగలదు. అందుకే ఈ ఉత్తరం.

అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే తప్పు ఎల్స్‌లో, అంటే ‘లేకపోతే ఇది చెయ్యి’ అనే భాగంలో ఉంటుంది. భాజకాలను ఒక్కొక్కటిగా పరీక్షించే లూప్ లోపల 2తో భాగించి, శేషం సున్నా కాకపోతే అక్కడికక్కడే ‘ప్రధాన సంఖ్య’ అని అచ్చు వేస్తారు. 9 ఇచ్చి చూడండి. 2తో శేషం 1 వచ్చింది కనుక ప్రధానమంటుంది, 3 దాకా వెళ్లనే వెళ్లదు. కాదనడానికి ఒక్క భాజకం చాలు. అవుననాలంటే అన్నీ అయిపోవాలి. కాబట్టి ఆ ‘అవును’ లూప్ ముగిశాక, దాని బయట రావాలి. 1 ఇస్తే లూప్ ఒక్కసారీ తిరగదు, నేరుగా ‘అవును’ దగ్గరికి వచ్చేస్తుంది. 2 కంటే చిన్నవాటిని ముందే తోసిపుచ్చాలి.

లూప్ ఎక్కడిదాకా తిరగాలి? చాలా రికార్డుల్లో సంఖ్యలో సగం దాకా ఉంటుంది. అక్కడ ‘సగం కంటే తక్కువ’ అని రాస్తే 4 కూడా ప్రధానమైపోతుంది. నిజానికి వర్గమూలం దాటనక్కర్లేదు. రెండు కారణాంకాలూ వర్గమూలం కంటే పెద్దవైతే వాటి లబ్ధం అసలు సంఖ్యను మించిపోతుంది. 97కి 2, ఆపైన బేసి సంఖ్యలు 3, 5, 7, 9 చాలు. 91 అయితే 7 దగ్గరే దొరికిపోతుంది. పైథాన్‌లో లూప్‌కు సంఖ్యలందించే రేంజ్ చివరి సంఖ్యను కలుపుకోదు. వర్గమూలానికి 1 కలపడం మరిచిపోతే 9, 25, 49 అన్నీ ప్రధానాలే అవుతాయి. వర్గమూలానికి దశాంశాల లెక్క కన్నా పైథాన్ 3.8 నుంచి ఉన్న, వర్గమూలంలో పూర్ణాంక భాగాన్ని ఇచ్చే ఐఎస్‌క్యూఆర్‌టి నమ్మదగినది.

సీ భాషలో మరో గొయ్యి ఉంది. ఐ అంటే పరీక్షిస్తున్న భాజకం, ఎన్ అంటే ఇచ్చిన సంఖ్య. ‘ఐ × ఐ ≤ ఎన్’ అయినంతవరకు లూప్ తిరగాలన్న షరతు చూడ్డానికి బాగుంటుంది. 2147483647 ఇవ్వండి. ఆయిలర్ 1772లో ప్రధానమని నిరూపించిన సంఖ్య ఇది, సీలో పూర్ణాంకాలను దాచే 4 బైట్ల ఇంట్‌లో పట్టే అతి పెద్దది కూడా ఇదే. ఐ 46341 కాగానే వర్గం 2147488281, ఇంట్‌లో పట్టదు, సాధారణంగా రుణసంఖ్యగా మారుతుంది. ఇక షరతు ఎప్పటికీ తప్పు కాదు. ఐ పెరిగి పెరిగి ఎన్‌తో సమానమై, దాన్ని నిశ్శేషంగా భాగించి, ‘ప్రధానం కాదు’ అంటుంది. షరతును ‘ఐ ≤ ఎన్ / ఐ’ అని మార్చితే గుణకారమే ఉండదు. 2ను విడిగా చూసి ఆపైన బేసి సంఖ్యలతోనే భాగిస్తే సుమారు 23 వేల భాగహారాలతో పని పూర్తవుతుంది. ఎన్‌కు ఒకటి తక్కువ దాకా తిప్పితే 214 కోట్లు దాటుతాయి.

వందల అంకెల సంఖ్యలకు ఈ పద్ధతి పనికిరాదు, భాజకాలను వెతక్కుండానే తేల్చే మిల్లర్–రాబిన్ లాంటి పరీక్షలు కావాలి. 2002లో ఐఐటీ కాన్పూర్‌కు చెందిన మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా ఇచ్చిన, ప్రధాన సంఖ్యను తేల్చే ఏకేఎస్ పద్ధతి గురించి కూడా విద్యార్థులకు ఈ పాఠంలోనే చెప్పవచ్చు.

రికార్డు దిద్దే అధ్యాపకులకు మా విన్నపం: 7, 10 బదులు 0, 1, 2, 4, 9, 25, 91, 97, 2147483647 ఇప్పించండి. వీటిలో 2, 97, 2147483647 మాత్రమే ప్రధానాలు.

– కంప్యూటర్ సైన్స్ అధ్యాపకులు, వరంగల్