ఇత్తడి మీద పెయింట్‌ని సాండ్ పేపర్‌తో రుద్దమని చెప్పకండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ ఇంటి చిట్కాల పేజీలో ఇత్తడి సామాన్ల మీద పాత పెయింట్ పోవాలంటే సాండ్ పేపర్‌తో రుద్దండి, అప్పటికీ పోకపోతే మంట చూపించండి అని వేశారు, అది చదివాక ఊరుకోబుద్ధి కాక రాస్తున్నా. ఆ రెండూ అస్సలు చేయకూడని పనులండీ. ఇత్తడి మెత్తటి లోహం, సాండ్ పేపర్ గీతలు పడ్డాయంటే ఎంత పాలిష్ చేసినా లైట్ పడినప్పుడల్లా కనిపిస్తూనే ఉంటాయి, నగిషీ ఉన్న పాత హ్యాండిల్ అయితే ఆ నగిషీయే అరిగిపోతుంది. స్టీలు పీచు, ఇనుప బ్రష్ కూడా అంతే.

అంతకన్నా పెద్ద సంగతి సీసం. పాతకాలం పెయింట్లలో సీసం బాగా కలిపేవాళ్ళు, పొడిగా రుద్దితే అది సన్నటి దుమ్మై నేల మీద పడుతుంది, పాకే పిల్లల చేతులకి అంటి నోట్లోకి పోతుంది, మంట పెడితే ఆవిరై మనమే పీల్చేస్తాం. ఒంట్లో సీసం ఇంత ఉంటే పర్లేదు అని చెప్పగలిగే మోతాదే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది, పిల్లల మెదడు మీద పడే దెబ్బ మళ్ళీ బాగవ్వదు. మరి ఇంటింటికీ వెళ్ళే పేపర్లో ఆ చిట్కా ఎలా వేశారండీ?

నిజానికి ఇత్తడి మీద పెయింట్‌కి పెద్ద పట్టు ఉండదు, చెక్కలోకి ఇంకినట్టు లోహంలోకి ఇంకదు కదా. ఒక పాత స్టీలు గిన్నెలో నీళ్ళు పోసి కాస్త వాషింగ్ సోడా వేసి, బందులూ గొళ్ళేలూ అందులో మునిగేలా వేసి సన్నని సెగ మీద ఉంచితే చాలు. వేడికి ఇత్తడి సాగుతుంది, పెయింట్ మెత్తబడి పట్టు వదిలేస్తుంది, ఆయిల్ పెయింట్ అయితే అందులో నూనెని సోడా సబ్బులా మార్చేస్తుంది. కాసేపటికి అంచుల దగ్గర ముడతలు పడి పైకి లేస్తుంది, అప్పుడు పట్టుకారుతో తీసి వేడి తగ్గకముందే గ్లవ్స్ వేసుకుని చెక్కపుల్లతోనో పాత టూత్ బ్రష్‌తోనో తోస్తే పొరలు పొరలుగా ఊడొస్తుంది, కింద నుంచి పసుపు రంగు బయటపడుతుంటే ఎంత బాగుంటుందో! స్క్రూ గాడిలో ఇరుక్కున్నది మాత్రం సన్నటి పుల్లతో ఓపిగ్గా తీయాల్సిందే. గిన్నె అల్యూమినియంది వద్దు, సోడా దాన్ని తినేస్తుంది. ఆ గిన్నెలో మళ్ళీ వంట చేయొద్దు, ఊడిన పెచ్చులు సింకులో పోయకుండా గుడ్డలో వడకట్టి పారేయాలి.

ముందు అయస్కాంతం పెట్టి చూడమని కూడా చెప్పండి. ఇత్తడికి అయస్కాంతం అంటుకోదు, అంటుకుందంటే లోపల ఇనుమే, పైన పల్చటి ఇత్తడి పూత, దాన్ని కాస్త గట్టిగా రుద్దినా పూతంతా పోతుంది. చెక్క పిడి, ప్లాస్టిక్, వైర్లు ఉన్నవాటిని నీళ్ళలో వేయకూడదు.

ఇంక పెయింట్ రిమూవర్లు. మిథిలిన్ క్లోరైడ్ ఉన్నవి వద్దే వద్దు, మూసిన గదిలో దాని ఆవిరి పీల్చి మనుషులు చనిపోయారు, అమెరికాలో 2019లో అలాంటి రిమూవర్లు ఇళ్ళలో వాడకానికి అమ్మకూడదని ఆపేశారు. మిగతా రిమూవర్లైనా డబ్బా మీద ఏముందో చదివి, తలుపులు కిటికీలు తీసి పెట్టుకుని వాడమని రాయండి. నిమ్మరసం, వెనిగర్ నల్లబడిన ఇత్తడిని మెరిపించడానికే పనికొస్తాయి, పెయింట్‌ని ఏమీ చేయవు, పైగా అందులోనే ఎక్కువసేపు వదిలేస్తే ఇత్తడిలోని జింక్ కరిగిపోయి రాగి రంగు మచ్చలు పడతాయి.

ఈ ఉత్తరం మొత్తం వేసే చోటు లేకపోతే సీసం గురించి రాసిన ముక్క ఒక్కటైనా ఆ చిట్కా వచ్చిన పేజీలోనే వేయండి, దాన్ని చూసి సాండ్ పేపర్ కొనుక్కున్నవాళ్ళు మళ్ళీ చూసేది ఆ పేజీయే.

ఇట్లు,
మీ పాఠకుడు