రిపోర్ట్ వచ్చేదాకా నన్ను నిలబెట్టినవాళ్ళకు

ముందు రిపోర్ట్ సంగతి చెప్పేస్తాను. నా కుడి రొమ్ములో గడ్డ క్యాన్సర్ కాదు. ఫైబ్రోఅడినోమా, అంటే ప్రమాదం లేని మామూలు గడ్డ, అని రాసిచ్చారు. మందుల్లేవు, ఇప్పటికైతే ఆపరేషన్ అక్కర్లేదు, ఆరు నెలలకు మళ్ళీ అల్ట్రాసౌండ్ తీయించుకోవాలి. ఇది మొదట్లోనే ఎందుకు చెప్తున్నానంటే, హనుమకొండలో, కాజీపేటలో, మా పుట్టిల్లు పరకాల వైపు నాకు తెలిసినవాళ్ళు చాలామంది ఇది చదువుతారు. చివరిదాకా ఉగ్గబట్టుకుని చదవాల్సిన పని వాళ్ళకు పెట్టను.

బయాప్సీ, అంటే పరీక్షకు గడ్డలోంచి ముక్క, తీసిన పొద్దు నుంచి కాగితం చేతికొచ్చేదాకా నడిమిట్ల ఉన్న రోజులు కొందరు మనుషుల వల్ల గడిచాయి. వాళ్ళకు దండం పెట్టుకోవడానికే రాస్తున్నాను. పేర్లు పెట్టొద్దన్నారు కాబట్టి వరసలతోనే రాస్తాను.

నేను బ్లౌజులు కుట్టే మనిషిని. బతుకమ్మ ముందు మా షాపులో కాలు పెట్టడానికి జాగా ఉండదు. ఎంగిలిపూలకు కొన్ని, సద్దులకు కొన్ని, దసరాకు మిగతావి అని చీటీలు కుట్టిన సంచులు గోడ పొడుగునా వేలాడుతుంటాయి. సరిగ్గా ఆ టైంలోనే, స్నానం చేస్తుంటే చేతికి తగిలింది. నొప్పి లేదు. రేగ్గాయంత ఉంది, వేలితో నొక్కితే పక్కకు జరుగుతోంది. నలభై దాటినదాన్ని, ఇట్లాంటివి చూపించుకోవాలని తెలుసు. రెండో రోజే పోయి చూపించుకున్నాను. మామోగ్రామ్ అనే రొమ్ము ఎక్స్‌రే, అల్ట్రాసౌండ్ రెండూ రాశారు.

స్కానింగ్ సెంటర్ గురించి ఒక్క మాట చెప్పి వదిలేస్తాను. కౌంటర్‌లో అబ్బాయి కవర్ ఇస్తూ, లైన్లో అంతమంది ఉండగా, "మేడమ్, ఇందుల డౌట్ రాసిండ్రు, జల్ది చూపెట్టుకోండి" అని గట్టిగా అన్నాడు. మంచికే అన్నాడేమో. కానీ నా వెనక నిల్చున్న ఆమె పిల్లను కొంచెం దగ్గరికి లాక్కుంది. ఆ చూపు ఇంకా గుర్తుంది. ఇట్లాంటి మాట లోపలికి పిలిచి మెల్లగా చెప్పడానికి పైసా ఖర్చు కాదు.

ఇక కృతజ్ఞతలు. మొదట సర్జన్ మేడమ్‌కు. నా రిపోర్ట్ మీద "బైరాడ్స్ 4ఏ" అని ఉంది. ఆ నాలుగు అంకె చూసి నాలుగో స్టేజీ అనుకుని మా ఆయన కుర్చీలో కూలబడ్డాడు. మేడమ్ కాగితం టేబుల్ మీద పరిచి, పెన్నుతో చూపిస్తూ చెప్పారు. స్టేజీ వేరు, ఇది వేరు. స్కాన్ చూసిన డాక్టర్ తనకున్న అనుమానానికి వేసే నంబర్ ఇది. ఒకటి, రెండు అంటే భయం లేదు, మూడంటే కొన్నాళ్ళు ఆగి మళ్ళీ చూడొచ్చు, అయిదంటే దాదాపు క్యాన్సరే అని. నాలుగులో ఏ, బీ, సీ అని మూడు మెట్లుంటాయి, అందులో ఏ అన్నింటికన్నా కింద. క్యాన్సర్ అయ్యే అవకాశం నూటికి రెండు నుంచి పది దాకా. "అంటే నూట్ల తొంభై మందికి పైగా కాదమ్మా. కానీ ఆ మిగిలినోళ్ళల్ల నువ్వు ఉన్నవో లేవో కండ్లతో చూసి చెప్పలేం. ముక్క తీసి చూడాలె." ఏమీ కాదని నన్ను బుజ్జగించలేదు, ఏదో అయిపోయిందని భయపెట్టలేదు. లెక్క చెప్పారు. ఇంటికొచ్చాక రాత్రి మేలుకున్నప్పుడల్లా నేను పట్టుకున్నది ఆ లెక్కనే.

సూది పెడితే గడ్డ పాకుతదని మా అత్తమ్మ ఒకటే గోల. ఈ మాట మా దిక్కు ప్రతి ఇంట్లో ఉంది. మేడమ్ ఆమెను కూడా లోపలికి పిలిపించి, సూదితో ముక్క తీసినంత మాత్రాన క్యాన్సర్ పాకదని, అదేందో తెల్వకుండా కోస్తేనే తిప్పలని ఓపిగ్గా చెప్పారు. బయట ఓపీ వరండా చివరిదాకా ఉంది. అయినా చెప్పారు.

బయాప్సీ నేననుకున్నంత లేదు. మత్తు సూది పెట్టారు, చిన్న గాటు, ఆ పరికరం "టక్" మని కొడుతుంది. ముందే ఆ చప్పుడు వినిపించి, "ఇగో ఇట్ల వస్తది, ఉలిక్కిపడకు అక్కా" అన్న సిస్టర్‌కు వేల దండాలు. ఆమె అట్లా చెప్పకపోతే నేను కదిలేదాన్నే. దారప్పోగుల్లాంటి తెల్లటి ముక్కలు చిన్న సీసాలో మందునీళ్ళలో వేశారు. సీసా మీద నా పేరు నన్నే చదివి సరిచూసుకోమన్నారు. తర్వాత వారం దాకా అక్కడ నల్లగా కమిలి ఉంది.

అసలు కథ అక్కణ్ణుంచి మొదలు. బరువులెత్తొద్దు, రెండు రోజులు ఆ చెయ్యికి రెస్టివ్వు అన్నారు. చెయ్యికి రెస్టిస్తే బుర్రకు రెస్టుండదని వాళ్ళకు తెలియదా! మిషన్ మీద కూర్చుంటే సూది కింద బట్ట కదులుతుంటే ఏదో ఒక రకంగా గడుస్తుంది. ఖాళీగా పడుకుంటే ఫ్యాన్ తిరుగుతున్నంతసేపు పిల్ల పెండ్లి దాకా, నా కర్మకాండ దాకా అన్నీ నేనే ఊహించేసేదాన్ని. పైగా నా పని ఎట్లాంటిదో చూడండి. పొద్దున లేస్తే ఎవరో ఒకరి ఛాతీ కొలత తీయాలి. టేప్ చుట్టూ తిప్పి ముందు కొస పట్టుకున్నప్పుడు, ఆ అంకె నోటికి రాక, ఎదుట నిలబడ్డ అమ్మాయి "అక్కా, ఎంత?" అని అడిగేదాకా అట్లే నిలబడిపోయాను ఓసారి.

అప్పుడు వచ్చింది మా వీధి చివర టైలర్ చెల్లె. మా ఇద్దరి మధ్య మాటలు అంతంతమాత్రం. కటోరీ బ్లౌజుకు నేనొక రేటు చెప్తే ఆమె ఇంకో రేటు చెప్పి గిరాకీ లాక్కుంటుందని నాకు కోపం, నేను లైనింగ్ గుడ్డలో కక్కుర్తి పడతానని ఆమె అనేదట, నాకు చేరేది. ఆమెకెవరు చెప్పారో తెలియదు. సాయంత్రం షట్టర్ దించే టైంకు వచ్చి, గోడకున్న సంచులు చూసి, "అక్కా, సద్దులయి నాకియ్యి. నీ కొలత బ్లౌజులు పెట్టియ్యి, నీ కటింగే కొడత" అంది. వద్దన్నాను. వినలేదు. స్కూటీ ముందర కాళ్ళ దగ్గర, వెనక సీటు మీద, రెండు విడతలుగా మోసుకుపోయింది. సద్దుల ముందు రోజు తెచ్చిచ్చింది. ఒక్కొక్కటి తిరగేసి చూశాను, అలవాటు పోదు కదా. చంక కింద నేనెంత మార్జిన్ వదుల్తానో అంతే వదిలింది. నేను హుక్స్ దగ్గర డబుల్ పట్టీ వేస్తాను, ఆమె తన షాపులో వెయ్యదు, నాకు తెలుసు. ఈ బ్లౌజులన్నింటికీ వేసింది. మజూరీ లెక్క కడదామంటే దారం, హుక్స్ పైసలు మాత్రం తీసుకుంది. నా గిరాకీ ఒక్కటి కూడా అటు పోలేదు. చెల్లె, ఇది నువ్వు చదువుతావు, నాకు తెలుసు. నీ గురించి వెనకాల నేనన్నవి కొన్ని నీకు చేరే ఉంటాయి. ఇకనుంచి నీ షాపు పేరు నేనే చెప్తాను.

రిపోర్ట్ ఎందుకింత లేటని తిట్టుకుంటున్న రోజుల్లోనే ఇంకో మనిషి దొరికింది. కాకతీయ మెడికల్ కాలేజీలో పాథాలజీ, అంటే ఇట్లాంటి ముక్కలు పరీక్ష చేసే చదువు, పీజీ చేస్తున్న అమ్మాయి, లంగా ఓణీ బ్లౌజు కోసం వచ్చింది. మాటల్లో బయటపడ్డాను. కూర్చోబెట్టి చెప్పింది. ఆ మందునీళ్ళు ఫార్మలిన్ అట. ముక్క చెడిపోకుండా, గట్టిపడేలా కొన్ని గంటలు అందులో నానాలి. తర్వాత స్పిరిట్‌లో వరుసగా ముంచి దాంట్లో తడి మొత్తం తీసేయాలి, ఆ పైన కరిగించిన మైనం ఎక్కించి దిమ్మ చేయాలి. ఆ దిమ్మను మూడు నాలుగు మైక్రాన్ల పొరలుగా కోస్తారట. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మన వెంట్రుకే యాభై మైక్రాన్ల పైన ఉంటుందట. అప్పుడు రంగు వేసి మైక్రోస్కోప్ కింద చూస్తారు. అనుమానం ఉంటే ఇంకో రంగు పరీక్ష, దానికి ఇంకొన్ని రోజులు. "లేట్ అయితున్నదంటే ఏదో చెడ్డది కనిపిచ్చిందని కాదక్కా. మధ్యల సెలవులు కూడ ఉన్నయి కదా" అంది. నా రిపోర్ట్ ఆమె చూడలేదు, చూడమని నేను అడగలేదు. కానీ ఆ రోజు నుంచి నా ఊహల్లో యముడు పోయి మైనం దిమ్మ వచ్చింది. ఇప్పుడు నానుతుంటది, ఇప్పుడు కోస్తుంటారు అనుకునేదాన్ని.

మా ఎదురింటి అక్కకు ఏం చెప్పినా తక్కువే. ఆమెకు కొన్నేళ్ళ కింద ఇదే రొమ్ములో క్యాన్సర్. హైదరాబాద్ రెడ్ హిల్స్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో చూపించుకుని, కీమో, ఆపరేషన్ అన్నీ దాటి, ఇప్పుడు పొద్దున్నే వడ్డేపల్లి చెరువు కట్ట మీద నాకన్నా జోరుగా నడుస్తుంది. అందరూ నాతో "ఏం కాదు తియ్" అన్నారు. ప్రేమతోనే. కానీ ఆ మాట విన్నప్పుడల్లా ఇక నేను మాట్లాడడానికి ఏమీ మిగిలేది కాదు. అక్క ఆ మాట అనలేదు. "కాకుంటే మంచిదే. అయితే ఏం చేద్దాం, చెప్పు" అని నోట్‌బుక్ తెరిచింది. రెండు పేజీలు. ఒక దాని మీద "కాదు", ఇంకో దాని మీద "అవును". "అవును" కింద ఆమె రాయించినవి: ఏ రకమో, ఏ మందు పనిచేస్తుందో తేల్చే ఈఆర్, పీఆర్, హెర్2 రిపోర్టులు అడగాలి. రేషన్ కార్డ్, ఆధార్ జిరాక్సులు తయారు పెట్టుకోవాలి, ఆరోగ్యశ్రీలో 10 లక్షల దాకా ఉంది. హైదరాబాద్ పోతే తోడు ఎవరు, పిల్లకు అన్నం ఎవరు. రిపోర్ట్ తెచ్చుకోవడానికి ఒక్కదాన్ని పోవద్దు. రాసేశాక ఆ భయం నోట్‌బుక్‌లో ఉంది, నేను బయట ఉన్నాను. రోజూ అయిదింటికి వచ్చి, "ఇయ్యాలటి టెన్షన్ టైమ్ షురూ" అని కూర్చునేది. అరగంట ఏడ్చినా, తిట్టినా వినేది. తర్వాత చాయ్. ఆ తర్వాత ఆ ముచ్చట ఎత్తితే ఒప్పుకునేది కాదు, "రేపు అయిదింటికి చెప్పు" అనేది.

ఈ పద్ధతి ఆమెకు ఎక్కడిదంటే, తన ట్రీట్‌మెంట్ టైంలో ఒక కౌన్సెలర్ చెప్పారట. నాకూ ఓ రాత్రి అట్లాంటివాళ్ళ అవసరం పడింది. రెండు దాటింది, గుండె దడదడ, చెమటలు, అక్కను లేపాలంటే మొహమాటం. 14416కు ఫోన్ చేశాను. టెలీ మానస్ అని, మనసు బాగోలేనప్పుడు మాట్లాడడానికి ప్రభుత్వం పెట్టిన ఫోన్ లైన్, పైసలేమీ తీసుకోరు, రాత్రింబవళ్ళు ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. అవతల అమ్మాయి తొందర పెట్టలేదు. ఊపిరి పీల్చుకునేదానికన్నా వదిలేది పొడుగ్గా ఉండాలని చెప్పి, ఫోన్‌లోనే నాతో కలిసి లెక్కపెట్టింది. గదిలో కనిపించేవి చెప్పమంది. నేను చీకట్లో "ఇస్త్రీ పెట్టె, కత్తెర, మా ఆయన" అన్నాను. ఆమె నవ్వింది, నాకూ నవ్వొచ్చింది. ఆ గొంతు ఎవరిదో నాకు ఎప్పటికీ తెలియదు. చల్లగా ఉండు తల్లీ.

కత్తెర తర్వాత చెప్పానని మా ఆయన అలిగాడు. ఆయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఆ రోజుల్లో పొద్దున్నే కూరగాయలు కోసి పెట్టి, పిల్ల డబ్బా కట్టి పోయేవాడు. పప్పులో ఉప్పు ఉండేది కాదు, ఎవరూ ఏమీ అనలేదు. మా అత్తమ్మేమో మేడారం సమ్మక్కకు నా నిలువెత్తు బంగారం మొక్కింది. తెలియనివాళ్ళకు, అక్కడ బంగారమంటే బెల్లం, మన బరువుకు తూకమేసి ఇస్తాం. నేను తిండి మానేసి చిక్కిపోతుంటే మా ఆయన, "తినకు తినకు, బెల్లం ఖర్చు తగ్గుతది" అన్నాడు. అత్తమ్మ చీపురు తీసింది. ఇంట్లో అంత గట్టిగా నవ్వుకోవడం చాలా రోజులకు.

రిపోర్ట్ రోజు అక్క, మా ఆయన ఇద్దరూ వచ్చారు. మేడమ్ ముందు ఆ ఒక్క మాట చెప్పేసి తర్వాత కూర్చోమన్నారు. అది కూడా గుర్తుపెట్టుకోవాల్సిన మర్యాదే. గడ్డ పెరిగినా, చర్మం లోపలికి గుంజుకున్నా, చనుమొన నుంచి రక్తంలాంటిది వచ్చినా ఆరు నెలలు ఆగకుండా రమ్మన్నారు. బయటికొచ్చాక అక్క నా నోట్‌బుక్ తీసుకుని "అవును" పేజీ చింపుతుందనుకున్నాను. చింపలేదు. "వేరేటోళ్ళకు పనికొస్తది, ఉండనియ్యి" అంది.

అదీ నిజమే అయింది. నా సంగతి తెలిశాక, ట్రయల్ కోసం తెర వెనక్కి వచ్చిన ఒకామె బ్లౌజు వేసుకోకుండా అట్లే నిల్చుని, "నాకు కూడ ఉన్నదక్కా, నిరుటి సంది. ఇంట్ల చెప్పలే" అంది. నేను చెయ్యి పెట్టి చూడలేదు, ఏం కాదు తియ్ అని కూడా అనలేదు. ఎప్పుడు పోదామని అడిగాను. సోమవారం ఓపీకి ఇద్దరం పోతున్నాం. కాబట్టి దసరా బ్లౌజులు ఇంకా తీసుకోనివాళ్ళు సోమవారం పొద్దున రావద్దు, షాపు మధ్యాహ్నం మూడు తర్వాతే తీస్తాను. మరీ అర్జెంటైతే వీధి చివర చెల్లె దగ్గర పెట్టి పోతాను, అక్కడ అడగండి.