డ్రైపాయింట్‌ను ఎచింగ్ అనకండి

సంపాదకులకు,

జర్మన్ చిత్రకారుడు ఓటో డిక్స్ 1922 నాటి ‘సర్కస్’ ప్రింట్ల సంపుటిలో గుర్రపు స్వారీ విన్యాసాలూ ఉన్నాయి. అలాంటి ఎక్స్‌ప్రెషనిస్టు (కంటికి కనిపించే రూపం కన్నా లోపలి ఉద్వేగానికి పెద్దపీట వేసే శైలి) డ్రైపాయింట్ ప్రింట్ల కింద ‘ఎచింగ్’ అనో ‘స్కెచ్’ అనో వేస్తే పాఠకుడికి అసలు విషయమే అందదు.

ఎచింగ్‌లో రేకు మీద గీతను ఆమ్లం తొలుస్తుంది. డ్రైపాయింట్‌లో ఆమ్లం ఉండదు. రాగి లేదా జింకు రేకు మీద ఉక్కు సూదితో నేరుగా గీస్తారు. నాగలి చాలు పక్కన మట్టి లేచినట్టు, గీత పక్కన లోహం గరుకు అంచుగా లేస్తుంది. సిరాను ఎక్కువగా పట్టేది ఆ అంచే. గుర్రం జూలులో, రౌతు తొడ దగ్గర మఖమల్ లాంటి నలుపు వచ్చేది దానివల్లే. వంపు తిప్పేటప్పుడు లోహం ఎదురుతిరిగి గీత విరుగుతుంది. ఎక్స్‌ప్రెషనిస్టులు ఆ విరుపును దాచలేదు, అదే వారి బలం.

సూదిని మరీ వాల్చి పడితే అంచు పలుచగా లేచి త్వరగా విరుగుతుంది. సిరా తుడిచే గుడ్డను గట్టిగా నొక్కినా అంతే. రేకు అంచులను ఏటవాలుగా అరగదీయకపోతే ప్రెస్సులో తడి కాగితం చిరుగుతుంది. ఉక్కు పూత లేని రాగి రేకు నుంచి మంచి ప్రతులు సాధారణంగా ఇరవై, ముప్పై మించవు. ఆపైన నలుపు బూడిదరంగుకు దిగుతుంది. బొమ్మ కుడిఎడమలు తారుమారవుతాయి కనుక, ప్రింటులో ఎడమకు దౌడుతీసే గుర్రం రేకు మీద కుడికి వెళ్తుంటుంది.

బొమ్మ అచ్చువేసేటప్పుడు మాధ్యమం, ప్రతి సంఖ్య, రేకు కొలతలు కూడా ఇవ్వండి. ‘3/30’ అని ఉంటే ముప్పైలో మూడో ప్రతి అని చదువుకోవాలి.

– ఒక ప్రింట్‌మేకింగ్ అధ్యాపకుడు, హైదరాబాద్